అంకణాల్లో కొలవండి సారూ!

ఊరు ఎంత పెద్దదంటే జనాన్ని లెక్కపెట్టే రోజులు పోయాయి. ఇప్పుడంతా చదరపు కిలోమీటర్ల పందెం. 2007లో 12 మున్సిపాలిటీల్ని ఒక్క గుక్కలో మింగి హైదరాబాదు దాదాపు 650 అయింది. 2011లో చెన్నై 426కి ఉబ్బింది. అమరావతి కాగితం మీద పుట్టడమే 217తో!

మరి మన కృష్ణపట్నం? పేరులోనే పట్నం, పాలన పంచాయతీది. అందుకే పక్కన 'క్రిస్ సిటీ' అనే పారిశ్రామిక నగరం కడతామన్నారు. తొలి దశ 2,500 ఎకరాలట. వినడానికి ఎంత బరువు! చదరపు కిలోమీటర్లలోకి మార్చి చూస్తే మాత్రం పదే.

నెల్లూరోళ్లు దిగులుపడొద్దు. మన కొలత అంకణం, అంటే 72 చదరపు అడుగులు. ఆ లెక్కన 15 లక్షలు దాటుతుంది. ముంబైకి ఒక్క అంకణమైనా ఉందేమో అడగండి!

చిన్న చిక్కల్లా ఏందంటే, కృష్ణపట్నం ఉండేది ముత్తుకూరు మండలంలో. దాని పేరు మోసే సిటీకి స్థలం కోట, చిల్లకూరు మండలాల్లో. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు ఆ రెండింటినీ తిరుపతి జిల్లాకు ఇచ్చేశారు. 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగిందేమో విశాఖపట్నంలో.