కాకి వాలింది, తాటిపండు పడింది, బిల్లు కట్టండి

విజయవాడ భవానీపురంలో మూడేళ్ల పిల్లాడికి ఇంకా మాటలు రాలేదని, ఆటిజం అన్నారని తెలిస్తే చాలు, ఆ ఇంటికి వైద్యులు వరస కడతారు. వీళ్లలో చదివినవాళ్లు తక్కువ, సందేహం ఉన్నవాళ్లు అసలే ఉండరు. "వాళ్ల నాన్నకీ నాలుగో ఏటగానీ రాలేదమ్మా" అంటుంది ఎదురింటి మామ్మగారు. దర్గాకి తీసుకెళ్లమని ఒకరు, గుణదల మాతకు మొక్కుకోమని ఒకరు, కొండెక్కి అమ్మవారికి చెప్పుకోమని మరొకరు. ఈ ఒక్క విషయంలో ఊళ్లో మతసామరస్యానికి లోటు లేదు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయమని మాత్రం ముక్తకంఠంతో అందరూ చెబుతారు.

గుక్కతిప్పుకోకుండా మాట్లాడేవాణ్ణి చూసి "చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా" అనడం మనకు అలవాటు. వసకు నిజంగా అంత మహిమే ఉంటే, మన శాసనసభ సమావేశాలు చూసి తెలుగువాళ్లకు ఆటిజం రాదని ఎప్పుడో తేల్చేయొచ్చు. వస నూనె ఎలుకల్లో కణుతులు పుట్టిస్తోందని తేలాక అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1968లోనే దాన్ని తిండిలో కలపకూడదని నిషేధించింది. మన పసివాళ్ల నాలుకల దాకా ఆ కబురు ఇంకా చేరలేదు.

పోనీ, మామ్మగారికి ఫీజు లేదు. పసివాడి మీద ప్రేమ ఉంది. ఇక్కడ మాట్లాడుకోవాల్సింది ఫ్లెక్సీ కట్టినవాళ్ల గురించి. "ఆరు నెలల్లో మాటలు గ్యారంటీ", "ఆటిజం పూర్తిగా నయం", "మీ బిడ్డ మామూలు స్కూలుకి!" ఇలా ఆశ్చర్యార్థకంతో సహా హామీలిచ్చే రకం వీళ్లది.

ఈ హామీ వెనకున్న కిటుకు చాలా తేలిక. ఆటిజం జ్వరం కాదు, వచ్చి పోవడానికి. అది మెదడు ఎదిగే తీరులోనే ఉన్న తేడా. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఆకాశంలో విమానాన్ని వేలెత్తి చూపించి "చూడు" అన్నట్టు అమ్మ మొహంలోకి చూడకపోవడం లాంటివి మొదట కనబడే ఆనవాళ్లు. అయితే ఆటిజం ఉన్న పిల్లలు ఎదగకుండా ఆగిపోరు. ఒకచోట ఆలస్యంగా, ఒకచోట వంకరగా, ఒక్కోచోట తోటివాళ్లను దాటేసి మరీ ఎదుగుతారు. మాట్లాడని పిల్లాడు హైదరాబాద్ రోడ్డు మీద పోయే బస్సుల బోర్డులన్నీ చదువుతుంటాడు. మూడేళ్ల ప్రాణికి ఆరు నెలలంటే బతికినకాలంలో ఆరో వంతు. ఆ ఆరు నెలల్లో చుక్కలమందు వేసినా, తాయెత్తు కట్టినా, ఏమీ చేయకపోయినా, వాడు ఏదో ఒకటి కొత్తగా నేర్చుకునే తీరతాడు. కాకి వాలింది, తాటిపండు పడింది. మన పెద్దలు దీన్ని కాకతాళీయం అని ఊరుకున్నారు. ఇప్పటి కాకులు రసీదు పుస్తకంతో వాలుతున్నాయి.

ఇది విజయవాడ కనిపెట్టిన విద్య కాదు. 1998లో అమెరికాలో సెక్రెటిన్ అనే హార్మోన్‌కు ఇలాంటి యోగమే పట్టింది. జీర్ణకోశ పరీక్ష కోసం ఇచ్చిన ఆ ఇంజెక్షన్ తర్వాత ముగ్గురు ఆటిజం పిల్లల్లో మార్పు కనిపించిందని ఒక వైద్యబృందం రాసింది. టీవీలు అందుకున్నాయి. తల్లిదండ్రులు మందు కోసం ఎగబడ్డారు. మరుసటి ఏడాది డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అసలు పరీక్ష ఫలితం వచ్చింది. దాదాపు 60 మంది పిల్లల్లో సగం మందికి సెక్రెటిన్, సగం మందికి ఉప్పునీళ్లు ఎక్కించారు. ఎవరికేది ఎక్కించారో తల్లిదండ్రులకు తెలియదు. రెండు గుంపుల్లోనూ పిల్లలు మెరుగుపడ్డారు, దాదాపు సమానంగా. అంటే ఉప్పునీళ్లు కూడా ఆటిజానికి మందే! ఈ సంగతి చెప్పాక కూడా 69 శాతం తల్లిదండ్రులు తమ బిడ్డకు సెక్రెటిన్ ఇప్పించాలన్న ఆసక్తి ఇంకా ఉందనే అన్నారు. వాళ్లను చూసి నవ్వడానికి లేదు. ఆశకు లెక్కలు రావు. నవ్వాల్సింది ఆ ఆశను కిలోల లెక్కన తూచి అమ్మేవాళ్లను చూసి.

అమ్మకాల్లో తర్వాతి సరుకు పథ్యం. గోధుమ మానేస్తే ఆటిజం తగ్గుతుందట. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం తినే కృష్ణా డెల్టాలో ఈ సలహాకు డబ్బులు తీసుకోవడానికి గుండెధైర్యం కావాలి. ఆ లెక్కన చపాతీ మొహం చూడని మన తాతముత్తాతల ఊళ్లలో ఆటిజం మచ్చుకైనా ఉండకూడదు. గోధుమతో ఆగితే బాగుండేది, పాలూ పెరుగూ కూడా మానిపిస్తారు. అసలే నాలుగు రకాలు తప్ప ముట్టని పిల్లాడి కంచంలోంచి పెరుగన్నం తీసేస్తే మిగిలేది కంచమే. ఈ పథ్యంలో ఉన్న 14 మంది పిల్లలకు, ఎప్పుడేది పెట్టారో తల్లిదండ్రులకు కూడా తెలియకుండా, గోధుమ, పాలు కలిపిన చిరుతిండి పెట్టి చూసిన ఒక పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. పిల్లల ప్రవర్తనలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు.

ఇంకో కొత్త పేరు "వర్చువల్ ఆటిజం". ఫోన్ లాగేసుకుంటే ఆటిజం పోతుందని దీని సారాంశం. రోజంతా ఫోన్ చూసే పసివాడికి మాటలు వెనకబడతాయి, తగ్గించడం మంచిదే. కానీ ఈ పేరుతో జబ్బేదీ వైద్యుల అంతర్జాతీయ జాబితాల్లో లేదు. లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లల గురించి రాసి ఆటిజాన్ని వైద్యలోకానికి పరిచయం చేసింది 1943లో. వాళ్లలో మొదటివాడు, మిసిసిపీ రాష్ట్రపు డోనాల్డ్ ట్రిప్లెట్, 1938లో ఆయన దగ్గరకొచ్చాడు. ఆ కాలంలో వాళ్లమ్మ వాడి చేతికి ఏ కంపెనీ ఫోన్ ఇచ్చిందో ఈ సిద్ధాంతకర్తలే చెప్పాలి.

అసలు ఈ ఫోన్ సిద్ధాంతం అంత గిరాకీగా ఉండటానికి కారణం, అందులో ఒక ముద్దాయి ఉండటం. ముద్దాయి ఎప్పుడూ అమ్మే. బ్రూనో బెటల్‌హైమ్ అనే ఆయన 1967లో పుస్తకం రాసి మరీ, తల్లి మనసు చల్లబడి గడ్డకట్టడం వల్లే పిల్లలిలా అవుతారన్నాడు. ఆ మాటతో ఒక తరం తల్లులు కుమిలిపోయారు. ఐదు దేశాల్లోని 20 లక్షల మంది పిల్లల వివరాలతో 2019లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఆటిజం రావడంలో సుమారు 80 శాతం పాత్ర వంశపారంపర్య జన్యువులదే. మన దగ్గర మాత్రం "నువ్వు వంటింట్లో ఉండి వాడి చేతికి ఫోనిచ్చావు" అనే అత్తగారి తీర్పుకు ఇప్పుడు ఇంగ్లిష్ పేరు కూడా దొరికింది.

ఇక లక్షల్లో సాగే బేరం స్టెమ్ సెల్స్‌ది. తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులోని కణాలను వెన్నులోకి ఎక్కిస్తారు. రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకు తప్ప, అనుమతి పొందిన పరిశోధన బయట స్టెమ్ సెల్స్ వాడకూడదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో రాసింది. ఆటిజానికి దీన్ని సిఫారసు చేయడం లేదనీ, ప్రచారం చేసుకోవడం వృత్తి నియమాల ఉల్లంఘన అనీ జాతీయ వైద్య కమిషన్ 2022 డిసెంబరులో చెప్పింది. అయినా ప్యాకేజీలు ఆగలేదు. వాటిలో గమ్మత్తేమిటంటే, కణాలతో పాటు స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ కూడా చేయిస్తారు. పిల్లాడు "నీళ్లు" అన్నాడా, అది కణాల ఘనత. అనలేదా, "ఇంకో విడత వేద్దామండీ."

నిజంగా ఉపయోగపడేవి ఫ్లెక్సీ మీద అందంగా కనబడవు. డోనాల్డ్‌ను కొన్నేళ్లపాటు ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. వాడికి లెక్కపెట్టే పిచ్చి. మొక్కజొన్న చాళ్లు లెక్కపెడుతూనే ఉండేవాడు. సరే, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. ప్రతిదీ కొలుస్తుంటే, బావి తవ్వించి లోతెంతో చెప్పమన్నారు. ఆ పిచ్చిని మాన్పించాలని కాకుండా, దాన్నే పట్టుకుని వాడికి పని నేర్పారు. అతను కాలేజీ చదివాడు, బ్యాంకులో పనిచేశాడు, కారు నడిపాడు, దేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ల వయసులో పోయాడు. అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు. కొందరికి జీవితమంతా తోడు కావాలి, కొందరు ఎప్పటికీ నోటితో మాట్లాడరు, బొమ్మలు చూపించో టైపు చేసో చెబుతారు.

మనకు దగ్గర్లో గోవాలో, సరిహద్దు అవతల రావల్పిండిలో 65 మంది పిల్లలతో చేసిన పరీక్ష ఒకటుంది, 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చింది. నిపుణులు కాని మామూలు ఆరోగ్య కార్యకర్తలు ఇంటికొచ్చి, తల్లీబిడ్డా ఆడుకోవడం వీడియో తీసి, ఆ తల్లితోనే కూర్చుని చూసేవారు. బిడ్డ దేనివైపు చూస్తున్నాడో గమనించి దాని గురించే మాట్లాడటం నేర్పేవారు. బిడ్డ "నీళ్లు కావాలా?" అన్నాడంటే మన ప్రశ్ననే అప్పజెబుతూ "నాకు దాహం" అంటున్నాడని గుర్తుపట్టడం లాంటి పని ఇది. ఎనిమిది నెలల తర్వాత కొలిస్తే పిల్లలు తామంతట తాము తల్లిని పలకరించడం పెరిగింది. ఒక కొలతలో మాత్రం అనుకున్నదానికి విరుద్ధమైన ఫలితం వచ్చింది. అదీ దాచకుండా రాశారు. ఎదురుతిరిగిన ఫలితాన్ని అచ్చేసిన ఫ్లెక్సీ విజయవాడలో ఎక్కడైనా ఉంటే చూసి తరించాల్సిందే.

ఇంతకంటే పెద్ద వింత బడుల్లో ఉంది. 2007లో కెనడా పరిశోధకులు ఆటిజం ఉన్న 38 మంది పిల్లలకు రెండు రకాల తెలివి పరీక్షలు పెట్టారు. ఎక్కువ భాగం మాటల మీద నడిచే పరీక్షకంటే, బొమ్మల అమరికలోని తర్కం కనిపెట్టే పరీక్షలో వాళ్లు సగటున 30 పర్సంటైల్ పాయింట్లు పైన నిలబడ్డారు. అంటే "వీడికి బుర్ర లేదు" అన్న తీర్పు చాలాసార్లు ప్రశ్నపత్రం తప్పు. మన ఊళ్లో ఆ ప్రశ్నపత్రం ఎల్‌కేజీ ఇంటర్వ్యూ. కళ్లలోకి చూడలేదు, అడిగిందే తిరిగి అప్పజెప్పాడు, కుర్చీలో ఊగుతున్నాడు, ఒకే విషయం పట్టుకుని వదలడం లేదు. కాబట్టి సీటు లేదు. ఇదే విజయవాడ పదహారేళ్ల పిల్లల్ని హాస్టల్లో పెట్టి, ఎవరి మొహమూ చూడనివ్వకుండా, ఊగుతూ బట్టీ పట్టించి, లోకంలో ఎంట్రన్స్ పరీక్ష తప్ప ఇంకో సంగతి తెలియకుండా చేసి, దానికి ఏడాదికి లక్షలు తీసుకుని, ఫొటోలు పేపర్లో వేస్తుంది.

"మా వాతావరణానికి సెట్ అవడండీ" అనేది ఆ బడుల మర్యాదపూర్వకమైన మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. గుర్తింపు పొందిన బడి ఏదైనా సరే వివక్ష లేకుండా చేర్చుకోవాలంటుంది 16వ సెక్షన్. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే జరిమానా పదివేల రూపాయల దాకా. ఎల్‌కేజీ పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, టై, బెల్టు అన్నీ ఆ బడి కౌంటర్లోనే కొనమన్నప్పుడు, బిల్లు అంతకంటే ఎక్కువే అవుతుంది.