బ్యాంజో అష్టాంకి: టీకా తాత్పర్య సహితము

మూలము

0 1 4 5 – 7 8 11 12

అవతారిక

ఈ ఎనిమిదంకెల కావ్యం ఒక చెప్పుల డబ్బా అట్ట మీద నీలి బాల్‌పెన్నుతో రాసి ఉంది. కర్త కరీంనగర్‌లో ముప్పై ఏండ్లు పెండ్లిబ్యాండులో బ్యాంజో వాయించి, ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టున ఉన్న పెద్దమనిషి. తన పాత వాయిద్యం నాకు అమ్మి, కొసరుగా ఈ గ్రంథం ఇచ్చాడు. వ్యాఖ్యాతలకు పెద్దదిక్కయిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడే. మూలంలో లేనిది ఒక్క ముక్క రాయనని ఒట్టు పెట్టుకున్నవాడు. నాకు ఆ ఒట్టు కుదరదు. ఈ మూలంలో ఉన్నవే ఎనిమిదంకెలు, ఒక గీత. లేనిదే ఎక్కువ.

ప్రతిపదార్థము

బ్యాంజో = ‘బంజరు వంటి మనసునకు జోలపాట’ అని మా వీధిలోని రిటైర్డు తెలుగు పండితుని వ్యుత్పత్తి. అది అసాధువు. అసలు బ్యాంజో, ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించిన మనుషులు అమెరికా గడ్డ మీద సొరకాయ బుర్రకు తోలు మూసి చేసుకున్న వాయిద్యం. మన బారాతుల్లో మోగేది దాని చుట్టం కూడా కాదు. 1912లో జపాన్‌లోని నగోయాలో మోరిటా గోరో అనే ఆయన తీగెల మీద టైప్‌రైటర్ లాంటి బటన్లు బిగించి తాయిషోగోతో చేశాడు. అది మన దేశానికి వచ్చి బుల్‌బుల్ తరంగ్ అయింది. బ్యాండు బండెక్కి, ఆంప్లిఫయర్ తగిలించుకుని, బ్యాంజో అయింది. పేరు ఒకరిది, పుట్టుక ఒకరిది, ముందర నాగిని డ్యాన్సు మనది.

0 = సున్న. ఇది పూర్ణమా, శూన్యమా? శూన్యమైనచో మోగుట యెట్లు? మోగినచో శూన్యమగుట యెట్లు? వ్యాఖ్యాత రెండు దినములు నాగార్జునుని శూన్యవాదమును తలపోయుచు, సున్న వచ్చినపుడెల్ల చేతులు ముడుచుకొని మౌనము వహించెను. మూడో రోజు ఫోన్ చేస్తే కర్త స్వయంగా భాష్యం చెప్పాడు: “సున్న అంటె ఊకుండుడు గాదు సారూ. ఏ బటనూ ఒత్తకు. ఉత్త తీగె కొట్టు.” అనగా, కుడిచేతి ప్లాస్టిక్ ముక్కతో తీగెను గీరవలెను, ఎడమచేయి మాత్రము ఊరకుండవలెను. తీగె వాయిద్యానికి ఎక్కడ ఒత్తాలో అంకెల్లో రాసేచోట సున్నకు మామూలుగా ఇదే అర్థమట. నా రెండు రోజుల వేదాంతం గంగలో కలిసింది.

1 4 5 = ఒకటవ, నాల్గవ, అయిదవ బటనులు. కవి 2, 3లను ఏల విడిచెను? మతిమరుపని కొందరు. ఆ బటనులు చెడినవని మరికొందరు. (పరీక్షింపగా 9 నిజముగనే చెడినది. కాని అది మూలములో లేదు.) సమాధానం సులువే. ఒక్కో బటను ఒక్కో అరస్వరం. ఉత్త తీగె షడ్జమమైతే 1 శుద్ధ రిషభం, 4 అంతర గాంధారం, 5 మధ్యమం, 7 పంచమం. అట్లా పోగా పోగా 12 దగ్గర పై షడ్జమం. మాయామాళవగౌళ! పురందరదాసు పేరు చెప్పి సంగీతం టీచర్లందరూ మొదటి రోజున పట్టించే సరళీవరుస రాగమే చెప్పుల డబ్బా మీద వేషం మార్చుకుని కూర్చుంది.

– = గీత. ఇచట పాఠాంతరము కలదు. మా యావిడ దీనిని చాయ్ మరకగా పఠించినది. గోటితో గీరి చూడగా సగం మరకయే. ఉభయులకును జయము.

ఛందస్సు

అసలు చిక్కు ఇక్కడుంది. కరీంనగర్ పక్కన కురిక్యాలలో బొమ్మలగుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో చెక్కించిన తెలుగు కందాలున్నాయి. చెక్కినవాడు పోయి వెయ్యేండ్లు దాటింది. అయినా ఇవ్వాళ పదో తరగతి పిల్లవాడు వాటికి గురులఘువులు గుర్తించి, గణాలు విడగొట్టి, నడక ఎక్కడ పరుగో ఎక్కడ నిలకడో చెప్పగలడు. ఎందుకంటే మన అక్షరం తన కాలాన్ని తన ఒంటి మీదనే మోస్తుంది. ‘క’ అంటే ఒక మాత్ర, ‘కా’ అంటే రెండు. నా అట్ట మీది 4 గురువా, లఘువా? ఎవరికి తెలుసు! ఏ బటనో చెప్పింది, ఎంతసేపో చెప్పలేదు. నేను ఎనిమిదీ సమానంగా కొడితే, ఇంటి ముందు పాలబ్బాయి ఆగి, “ఏం రిపేరు చేస్తున్నరు సార్?” అన్నాడు.

పైగా అట్ట చూస్తే వేలు తప్పుతుంది, వేలు చూస్తే వరుస తప్పుతుంది. బటన్ సగమే దిగితే తీగె గుర్రుమంటుంది.

ఆక్షేపణ

పాశ్చాత్యుల అంకెలు మేలు కావా? కొంత మేలే. వాళ్లు అంకెలకు కాలమానం కూడా జతచేశారు. 1507లో వెనిస్‌లో పెట్రూచి ల్యూట్ వాయిద్యానికి అచ్చువేసిన పుస్తకంలోనే అంకెల నెత్తిన తోకల గుర్తులున్నాయి. అమెరికా బ్యాంజోకు అయిదు తీగెలు, కనుక అయిదు గీతలు. గీత మీద అంకె, కింద ఏ వేలో చెప్పే అక్షరం. అయితే అందులోనూ తిరకాసుంది. కాగితంలో అన్నిటికన్నా పై గీత, వాయిద్యం ఒళ్లో పెట్టుకున్నప్పుడు నేలవైపు ఉండే తీగె. వెనిస్ వాళ్ల పుస్తకంలో ఇది సరిగ్గా తలకిందులు. ఇక అన్నిటికన్నా సన్నగా పలికే పొట్టి తీగె మంద్ర తీగె ఉండవలసిన చోట, బొటనవేలి పక్కన ఉంటుంది. నేర్చుకునేవాడి తల ఎటు తిరగాలో ఎవరూ రాయలేదు.

ఆదిలాబాద్ వైపు పర్ధాన్లకు ఈ బాధే లేదు. గుర్రపు వెంట్రుకల కమానుతో మూడు తీగెల కిక్రీ వాయిస్తూ రాజ్‌గోండుల వీరగాథలు రాత్రంతా పాడతారు. ముందర అట్ట ఉండదు. తండ్రి పక్కన కూర్చున్న కొడుకు చెవే గ్రంథం. లిపి లేక కాదు సుమా. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండీ రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు కూడా దక్కింది. ఆ అక్షరాలకు కంప్యూటర్లో స్థానముంది, కిక్రీ పాటకు ఇంకా చెవిలోనే.

తాత్పర్యము

ఏమియు ఒత్తక తీగె మీటి, పిదప చెప్పిన బటనులను వరుసగా ఒత్తుచు పోవలెను. ఎంతసేపు ఒత్తవలెనో, పాట ముందే వచ్చినవానికి తెలియును. రానివానికి ఈ గ్రంథము నిష్ప్రయోజనము.

మూడు నెలల్లో ఈ ఎనిమిదంకెలు ఆరోహణ, అవరోహణ రెండూ వచ్చాయి. అట్ట తిరగేస్తే వెనకవైపు నలభైమూడు అంకెలున్నాయి. కర్తకు ఫోన్ చేస్తే, “ఏదో సిన్మా పాటనే సారూ, యాదికొస్తలేదు” అన్నాడు. మీరెవరైనా ఎవరికైనా ఇట్లా అంకెలు రాసిచ్చేట్టయితే, దయచేసి పైన పాట పేరు రాయండి.