లెక్క తెలిసిన సేనాని

మార్కస్ లిసీనియస్ క్రాసస్! రోమ్ సేనానుల్లో నీ అంత లెక్క తెలిసినవాడు లేడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడే మాకు తెలుసు. నువ్వు ఆ ఇంటినే అడిగావు, పక్క ఇళ్లతో సహా, కారుచౌకగా. మళ్లీ కట్టడానికి 500 మందికి పైగా బానిస పనివాళ్లను సిద్ధంగా ఉంచుకున్నావు. అలా రోమ్‌లో పెద్ద భాగం నీదైంది.

క్రమశిక్షణలోనూ నీ తర్వాతే ఎవరైనా. తిరగబడ్డ బానిసల నాయకుడు స్పార్టకస్ ముందు నిలవలేక పారిపోయి వచ్చిన 500 మందిని పదేసి మందిగా విడదీసి, చీటీ ఎవరికి పడితే వాణ్ని చంపించావు. క్రీ.పూ. 71లో తిరుగుబాటు అణిచాక కపువా నుంచి రోమ్ దాకా 6,000 మందిని దారి పొడవునా శిలువ వేయించావు. దాదాపు 200 కిలోమీటర్లు. నూరడుగులకొక మనిషి. ఎక్కడా ఖాళీ వదలని పనితనం నీది!

అయినా ఓడింది బానిసలే కనుక రోమ్ నీకు విజయోత్సవం చేయలేదు, చిన్న ఊరేగింపుతో సరిపెట్టింది. ఆ వెలితి తీర్చుకోవడానికి అరవై దాటాక, ఏ తగవూ లేని పార్థియా రాజ్యం మీదికి బయల్దేరావు. ఎంత పట్టుదల!

సిరియాలో నీ శ్రద్ధ చూసి తీరాలి. సైనికులకు కవాతు చేయించాల్సిన కాలంలో హియెరాపోలిస్ దేవత సొమ్మును రోజుల తరబడి తక్కెడలో తూకం వేయించావు. మనుషుల్ని పంపమని ఊళ్లను అడిగి, డబ్బు ముట్టగానే వద్దన్నావు. జెరూసలేం ఆలయ బంగారాన్నీ వదల్లేదు. ఆర్మీనియా రాజు 6,000 గుర్రాలతో వచ్చి, శత్రువు అశ్వాలు సాగని కొండదారి చూపిస్తే కాదని మైదానమే ఎంచుకున్నావు. యుద్ధం ఎందుకని అడిగిన పార్థియా రాయబారులకు, జవాబు వాళ్ల నగరం సెల్యూకియాలో చెబుతానన్నావు.

క్రీ.పూ. 53, కారే మైదానం. గుర్రాల మీంచి కురుస్తున్న బాణాలు ఎప్పటికో ఒకప్పటికి అయిపోక తప్పదని లెక్కవేశావు. సరైన లెక్కే. పార్థియా సేనాని సురేనా మాత్రం ఒంటెల మీద కట్టలకు కట్టలు తెప్పించి పెట్టుకున్నాడు. చేతులు డాళ్లకు, పాదాలు నేలకు గుచ్చుకుపోయి నీవాళ్లు నిలబడి చచ్చారు. నీ కొడుకు పబ్లియస్ తల ఈటెకు గుచ్చి తెచ్చినప్పుడు, ఈ దుఃఖం నా ఒక్కడిదేనని సైన్యానికి ధైర్యం చెప్పావు. తండ్రివి, ఆ గుండె దిటవుకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ యుద్ధంలో పోయిన 20,000 మందికీ తండ్రులున్నారు. వాళ్ల దుఃఖం నీ పద్దులో ఎక్కడ రాశావు?

నువ్వు సెల్యూకియా చేరనేలేదు. సంధి మాటలకని వెళ్లి హతమయ్యావు. చెరపట్టిన 10,000 మందిలో నీ పోలిక ఉన్న ఒకడికి ఆడవేషం కట్టి, నీ పేరుతో పిలుస్తూ, పలకమంటూ, గుర్రమెక్కించి ఆ నగర వీధుల్లో ఊరేగించారు. నువ్వు కోరిన విజయోత్సవం అలా జరిగింది, నీ బదులు నీ సైనికుడికి.