పెద్దమనిషికి ప్రాణభయం

ఎవరి ప్రాణానికి ముప్పుందో కనిపెట్టడం మన దగ్గర చాలా తేలిక. నాలుగంతస్తుల మేడ, వెంట నలుగురు అనుచరులు, పార్టీలో ఓ పదవి ఉంటే ముప్పు ఉన్నట్టే. ఇసుక ట్రాక్టరుకు అడ్డం నిలిచిన వీఆర్వోకు, భూకబ్జా మీద సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టిన సామాన్యుడికి అలాంటి బెడద ఉండదు కాబోలు, రివాల్వరు లైసెన్సు కోసం వాళ్ళెవరూ పైరవీలు చేయరు.

చట్టానికి మాత్రం పక్షపాతం లేదు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదని 1959 ఆయుధ చట్టం 14వ సెక్షన్ చెబుతుంది. ఎంత ఉదారం! రివాల్వరు ఖరీదు సంగతి కూలీవాడే చూసుకోవాలి.

9వ సెక్షన్ ప్రకారం 21 ఏళ్ళు నిండనివారికీ, మతిస్థిమితం లేనివారికీ తుపాకీ కుదరదు. హింసాత్మక నేరంలో జైలుశిక్ష పడినవాడు శిక్ష ముగిశాక కూడా ఐదేళ్ళు ఆగాలి. శిక్ష పడితేనే సుమండీ! వాయిదాల మీద ఏళ్ళతరబడి సాగే కేసు ఈ లెక్కలోకి రాదు. అక్కడ అధికారి విచక్షణే దిక్కు. ఆ విచక్షణకు ఫోను ఎక్కణ్ణుంచి వస్తుందో అందరికీ తెలుసు.

ఒక మనిషికి మూడు తుపాకులెందుకు, ఒకటి చాలదా అని 2019లో కేంద్రం సవరణ బిల్లు తెచ్చింది. అభ్యంతరాలొచ్చాయి. చివరికి రెండు దగ్గర బేరం కుదిరింది. రెండు చేతులున్నాయి కదా! సంబరాల్లో తుపాకీ పేల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ళ దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని అదే సవరణలో రాయాల్సొచ్చింది. ఆత్మరక్షణకని తెచ్చుకున్న తుపాకీ పెళ్ళి ఊరేగింపులో ఎవరి నుంచి ఎవరిని రక్షిస్తోందో మరి!

అసలు తమాషా ఎన్నికలప్పుడు చూడాలి. షెడ్యూలు రాగానే, మినహాయింపు ఉన్న కొద్దిమంది తప్ప మిగతావాళ్ళు లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్లో అప్పగించాలి. ప్రత్యర్థులు పళ్ళు నూరేది సరిగ్గా అప్పుడే. అయినా మన ప్రాణభయస్తుడు సందుసందునా తిరిగి, గుంపుల్లో దూరి, దండలు వేయించుకుని నిక్షేపంగా ఇల్లు చేరతాడు. ఫలితాలొచ్చి ఊరు సద్దుమణిగాక తుపాకీ మళ్ళీ నడుముకెక్కుతుంది.

కలెక్టర్లకూ, పోలీస్ కమిషనర్లకూ ఒక్క మనవి. ఐదేళ్ళకోసారి వచ్చే రెన్యువల్ ఫారంలో ఈ ప్రశ్న చేర్చండి: “గత ఎన్నికల్లో తుపాకీ లేకుండా ఎలా బతికారు?” జవాబు చెప్పలేనివారి లైసెన్సు అక్కడికక్కడే రద్దు చేయండి.