ఆవకాయ జాడీ కూడా స్వాధీనం చేసుకోండి

ఓ ఇంజినీరింగ్ కాలేజీ సర్క్యులర్ ఈ వారం మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది. ఒకరి దగ్గర్నుంచి ఒకరికి పాకుతూనే వచ్చి ఉంటుంది. ఆ నేరాన్ని ప్రస్తుతానికి క్షమిద్దాం. హాస్టల్ పిల్లల ల్యాప్‌టాప్‌లో టొరెంట్ సాఫ్ట్‌వేర్ కనిపిస్తే చాలట, దాంతో ఏం దించుకున్నారో చూడక్కర్లేదట, ల్యాప్‌టాప్ స్వాధీనమట. మొదట దొరికిన కుర్రాడు దించుకున్నది డెబియన్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. డెబియన్ వాళ్లే తమ సైట్‌లో టొరెంట్ పెట్టి మరీ ఉచితంగా ఇచ్చే సరుకు. అయితేనేం, పంచుకున్నాడుగా!

నాకీ నిర్ణయం తెగ నచ్చింది. కంప్యూటర్ల దగ్గరే ఆగిపోవడం ఒక్కటే నచ్చలేదు. సర్క్యులర్ ఇచ్చిన సారూ, అసలు ముఠా గదుల్లోని జాడీల దగ్గరుంది.

ఆవకాయ సంగతి చెబుతున్నాను. తణుకు కుర్రాడొకడు ఇంటి నుంచి జాడీ తెస్తాడు. పక్క గదివాడు ఓ ముక్క పట్టుకెళ్తాడు, అందులో సగం ఎదురుగదివాడికి పెడతాడు. తెల్లారేసరికి అంతస్తంతా ఎర్రటి వేళ్లే. 2001లో బ్రామ్ కోహెన్ అనే అమెరికన్ బిట్‌టొరెంట్ పేరుతో తెచ్చింది ఈ పద్ధతినే. పెద్ద ఫైలును ముక్కలు చేస్తారు, ముక్క అందినవాడు అది ఇంకొకడికి అందిస్తూ పోతాడు. తెచ్చిపెట్టేవాడు సీడరు. తిని మూతి తుడుచుకుపోయేవాడు లీచరు. మన హాస్టళ్లలో ఈ రెండో జాతికి ఎప్పుడూ కొదవలేదు.

కాబట్టి తక్షణం ఆవకాయ నిరోధక దళం వేయాలి. ఎవరి ఆవకాయ వారింటి నుంచే రావాలి. పక్క మంచం కింద నిండు జాడీ ఉన్నా సరే, అరవై మందికి అరవై బస్సు పార్సిళ్లు. బస్టాండులో కౌంటరు కూలిపోతే పోనీ. మీ ల్యాబ్‌లో జరిగేదీ ఇదేగా? ఒకే ఐఎస్ఓ ఫైలును (ఇన్‌స్టాల్ చేసే డిస్కు నకలు) అరవై మందీ ఒకే ఇంటర్నెట్ లైను మీద ఎవరికి వారే దించుకుంటారు, ఆపైన నెట్ నత్తనడక అని మీకే అర్జీ పెడతారు.

పది చేతులు పడ్డ జాడీలో ఎవడేం కలిపాడో అని వార్డెన్ గారి భయం. నాలుక అనేది ఒకటుందని ఆయన మర్చిపోయినట్టున్నారు. అమ్మ చేతిది కాని ముక్క నోట్లో పడగానే తెలిసిపోతుంది. టొరెంట్‌లోనూ ప్రతి ముక్కకీ ముందే లెక్కగట్టిన హ్యాష్ అనే వేలిముద్ర ఉంటుంది. తేడా ముక్క వస్తే సాఫ్ట్‌వేరే దాన్ని పారేసి మళ్లీ అడిగి తెచ్చుకుంటుంది. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లో దొంగలు పడి, డౌన్‌లోడ్ లింకును కల్తీ ఐఎస్ఓ వైపు తిప్పేశారు. బుద్ధిగా ఆ లింకు నొక్కినవాళ్లకు కల్తీ సరుకు దక్కింది. టొరెంట్‌తో తెచ్చుకున్నవాళ్లకు ఏమీ కాలేదు.

జాడీయే నకిలీదైతే నాలుకా మోసపోతుంది, నిజమే. అందుకే టొరెంట్ ఫైలును డెబియన్ సైట్ నుంచే తెచ్చుకోవాలి, దిగిన ఐఎస్ఓను అక్కడిచ్చిన చెక్‌సమ్‌తో, దాని మీది సంతకంతో సరిచూసుకోవాలి. జాడీని మూత తీసి వరండాలో వదిలేయడం ఇంకో ప్రమాదం. క్యూబిట్‌టొరెంట్ అనే టొరెంట్ సాఫ్ట్‌వేర్‌ను బ్రౌజర్ నుంచి నడిపే పేజీకి 2023 దాకా ముందే పెట్టి వచ్చిన పాస్‌వర్డు 'అడ్మిన్‌అడ్మిన్'. దాన్ని మార్చకుండా ఆ పేజీని బయటి నెట్‌కు తెరిచిపెడితే ఊళ్లో కాకులన్నీ జాడీలోనే వాలేవి. ఆ పేజీ మన మెషీన్‌కే కనిపించేలా కట్టేయాలి. సాఫ్ట్‌వేర్‌కు విడిగా ఒక యూజర్ ఖాతా ఇచ్చి, దాని ఫోల్డరు తప్ప వేరేది ముట్టనివ్వకూడదు. ఫైర్‌వాల్‌లో దానికి కావలసిన ఒక్క పోర్టే తెరవాలి. ట్రాన్స్‌మిషన్ అనే ఇంకో టొరెంట్ సాఫ్ట్‌వేర్‌కైతే మామూలుగా అది 51413. ఎన్‌క్రిప్షన్ పెట్టినంత మాత్రాన ఎవరికీ కనపడమనుకోవద్దని కూడా చెప్పాలి. పంచుకునే గుంపులో మన ఐపీ అందరికీ తెలుస్తూనే ఉంటుంది.

ఇదంతా ఒక్క ల్యాబ్ క్లాసులో నేర్పొచ్చు సార్. మీరెందుకు నేర్పలేదు? నెట్‌వర్క్ సెక్యూరిటీ అని సబ్జెక్టు పెడతారు, దానికి ఫీజు కట్టించుకుంటారు, నోట్సు డిక్టేట్ చేస్తారు. సొంతంగా చేసి చూసిన ఒక్కడిని పట్టుకుని దొంగ అంటారా? పాత సామాను కుదువపెట్టి ఆ ల్యాప్‌టాప్ కొనిచ్చిన అమ్మానాన్నలకు ఫోన్ చేసి మీవాడు పైరసీ చేస్తున్నాడని చెప్పే ముందు, ఆ ఫైలు పేరైనా చదివారా? సినిమా దొంగిలించేవాడికి టొరెంటే దిక్కా? వాడికి స్ట్రీమింగ్ సైట్లున్నాయి, టెలిగ్రామ్ ఛానళ్లున్నాయి. మీ సర్క్యులర్ వాడి గోరు కూడా తాకలేదు. చదువుకునేవాడి మీదే పడింది. తెలియనిదాన్ని నిషేధించడం పాఠం చెప్పడం కంటే సులువు, అందుకే చేశారు.

ఆ పిల్లవాడి ల్యాప్‌టాప్ ఇవాళే తిరిగిచ్చేయండి. రేపు మీ ల్యాబ్ సర్వర్ మీదే డెబియన్ టొరెంటు పెట్టి, కాలేజీ పేరుతో సీడ్ చేయండి.