సానుకూలంగా స్పందించారు

ఏ రోజు పేపరు తీసినా జిల్లా పేజీలో ఆ ఫోటో ఉంటుంది. మధ్యలో శాలువా కప్పుకున్న ఎమ్మెల్యే, ఇటు ఆరుగురు, అటు ఆరుగురు, అందరి చేతులూ ఒక్క కాగితం మీద. ఇచ్చేదెవరో పుచ్చుకునేదెవరో తేల్చలేం; కాగితం వైపు ఒక్కరూ చూడరు, అందరి చూపూ కెమెరా మీదే. కింద రెండు ముక్కలు: బిల్లుపై వినతిపత్రం అందజేశారు. ఎమ్మెల్యే సానుకూలంగా స్పందించారు.

బిల్లు వద్దన్నవాళ్లకి సోమవారం సానుకూలంగా స్పందించిన ఆయనే, కావాలన్నవాళ్లకి మంగళవారం అంతే సానుకూలంగా స్పందిస్తారు. శుభలేఖ ఇచ్చినా అదే స్పందన.

ఏ సెక్షన్ మీద అభ్యంతరమో, దాని బదులు ఏ మాట ఉండాలో ఒక్క పేజీలో రాసివ్వమని కొందరు మేధావులు సలహా ఇస్తుంటారు. వినకండి. సెక్షన్ నంబరు కనపడగానే అది తన మీద పెట్టిన కేసేమోనని ఆయన కంగారుపడతారు.

అసలు రాయాలంటే ముందు ముసాయిదా చదవాలి. చట్టం చేసేముందు దాన్ని కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలని 2014లో కేంద్రమే ఒక విధానం పెట్టుకుంది. విధానమే సుమండీ, చట్టం కాదు. పెట్టినా ఏ భాషలో పెడతారన్నది ఇంకో ముచ్చట. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాను (అది బిల్లు కాదు, నోటిఫికేషనే) రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే, కేంద్రం అనువాదకుల్ని వెతుక్కోలేదు. సుప్రీంకోర్టుకు వెళ్లింది.

సరే, ఎవరిచేతో చదివించుకుని, రాసి, ఇచ్చామే అనుకోండి. 1985లో వచ్చిన 52వ సవరణ ప్రకారం విప్‌ను ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వమే పోతుంది. అలాంటి సభ్యుడికి బిల్లు గురించి మొరపెట్టుకోవడమంటే రూటు మార్చమని బస్సు కండక్టర్ని బతిమాలడమే. పాపం, ఓపిగ్గా వింటాడు. స్టీరింగు ఆయన దగ్గర లేదు. పైగా ఈ కండక్టరు టికెట్టు కూడా ఇంకొకరి చేతిలోనే ఉంది.

కాస్త ఆగి విందామన్న సభ గతేమైందో మనం చూశాం. మూడు రాజధానుల బిల్లును 2020 జనవరి 20న ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించింది. 22న శాసనమండలి చైర్మన్ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపాలన్నారు. 27న శాసనసభ మరో తీర్మానం చేసింది, మండలినే రద్దు చేయమని. తర్వాత ఆ బిల్లు చట్టమైంది, ఆ చట్టమూ రద్దయింది, మండలి రద్దు తీర్మానమూ వెనక్కి పోయింది. సెలెక్ట్ కమిటీ మాత్రం ఏర్పడనే లేదు. ఏర్పడి ఉంటే అమరావతి రైతు కాగితానికి కనీసం ఒక బల్ల దొరికేది.

నేనూ ఒకసారి ఇచ్చాను లెండి. ఫోటోలో నా మోచెయ్యి పడింది. నాలుగు నెలలకు ఎమ్మెల్యేగారి పీఏ ఫోన్ చేశాడు.

"మాస్టారూ, మీ కాగితం సార్ చూశారు. సానుకూలంగానే ఉన్నారు. ఇంతకీ బదిలీ ఏ ఊరికి కావాలి?"

అప్పటికి బిల్లు చట్టమై మూడు నెలలు. నేను రిటైరై నాలుగేళ్లు.