పైల్వాన్‌కు పొట్ట ఉబ్బింది

రోహిణి కార్తె. సిద్దిపేటలో మధ్యాహ్నం పూట కుక్క కూడా నీడ వదిలి కదలని రోజులు. సరిగ్గా అప్పుడే మా పైల్వాన్ ఒక పక్కకు ఒరిగి, పొట్ట ఉబ్బి, నీళ్ల మీద తేలుతూ కనిపించాడు.

పైల్వాన్ అంటే మా ఇంటి బెట్టా చేప. బొటనవేలంత ఒళ్లు, ఒంటికి మించిన తోక. పుట్టిల్లు థాయ్‌లాండ్. అక్కడ 'ప్లా కట్' అంటారు, కరిచే చేప అని అర్థం. మన కోడిపుంజుల్లాగా పందేలకు పెంచిన జాతి. 2019లో ఆ దేశం దాన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. అంతటి ఘనుడు నాకు ప్లాస్టిక్ గ్లాసులో నూట యాభై రూపాయలకు దొరికాడు. అద్దం చూపిస్తే మొప్పలు విప్పి, రెక్కలు పరిచి, తన మీదికి తానే కయ్యానికి పోయేవాడు. పేరు అట్లా వచ్చింది.

మా అమ్మకు చేపను చూసే చూపు ఒక్కటే: పులుసుకా, వేపుడుకా? "గిది రెండిట్లకూ పనికిరాదు" అని వాడు వచ్చిన రోజే తేల్చేసింది. ఇప్పుడు తొట్టిలోకి తొంగిచూసి, "దిష్టి తగిలింది బిడ్డా, గింత తోకేసుకొని తిరిగితే తగలదా?" అన్నది. పక్కింటి పెద్దమ్మ వాము నీళ్లు తాగించమన్నది. ఎట్లా తాగించాలో మాత్రం చెప్పలేదు. పొద్దున కోమటి చెరువు కట్ట మీద నడిచే దోస్తు, "చెరువుల ఇడిసిపెట్టరాదు, పుణ్యమొస్తది" అన్నాడు. గ్లాసులో పెరిగిన వాణ్ని కొర్రమీనుల నడుమ వదిలితే పుణ్యం ఎవరికి వస్తుందో కొర్రమీనులే చెప్పాలి. అసలు పరాయి దేశపు చేపను మన చెరువులో కలపనే కూడదు.

చివరికి సీసాలో రోగిని పెట్టుకొని పశువుల దవాఖానకు పోయాను. నా ముందు ఒక బర్రె, రెండు మేకలు. నా వంతు రాగానే డాక్టరు సారు సీసాను వెలుగుకు పెట్టి చూసి, నన్ను అంతకన్నా ఎక్కువసేపు చూశాడు.

"బర్రెకు కడుపు ఉబ్బితే ఏం చేస్తరు?"

"మేత ఆపుతం సార్."

"మరి దీనికి ఎంత పెడుతున్నరు?"

ఇంటికి వచ్చి విచారణ మొదలుపెట్టాను. పొద్దున ఐదు గింజలు నేను వేస్తున్నాను. నేను మరిచిపోతానని మా ఆవిడ ఐదు వేస్తున్నది. ఎండాకాలం సెలవులు కాబట్టి చిన్నోడు ఆకలనుకున్నప్పుడల్లా వేస్తున్నాడు, తన ఆకలో వాడి ఆకలో అడగలేదు. దిష్టి పేరు చెప్పిన అమ్మ రోజూ మాపటికి నాలుగు మెతుకులు వేస్తున్నదట! బెట్టా పొట్ట దాని కంటిగుడ్డంత ఉంటుందని పెంచేవాళ్ల లెక్క. ఆ కంటిగుడ్డులో మేం నలుగురం కలిసి పెళ్లి భోజనం కుక్కాం.

మూడు రోజులు లంఖణం అని తీర్మానించాను. అమ్మ ఊరుకోలేదు. "ఉపాసముంచుతవా? ఆడు శివరాత్రి చేస్తున్నడా?" అని ఒకటే సణుగుడు. గమనించారా, 'అది' కాస్తా 'ఆడు' అయింది. గింజల డబ్బాను నేను బీరువాలో పెట్టి తాళం వేశాను. మా ఇంట్లో తాళం పడ్డ మొదటి ఆస్తి అదే.

ఉబ్బు తీయడానికి ఎప్సమ్ సాల్ట్ కోసం మెడికల్ షాపుకు పోయాను. పెద్దవాళ్లు భేది ఉప్పు అనేది దాన్నే.

"ఎవరికన్నా?"

"మా పైల్వాన్‌కు."

"బరువెంత ఉంటడు?"

"రెండు మూడు గ్రాములు."

ఆ పిల్లగాడు ఉప్పు ఇచ్చాడు గానీ చిల్లర ఇచ్చేటప్పుడు కొంచెం దూరం జరిగి ఇచ్చాడు. కొలిచి కలిపిన ఆ నీళ్లలో రోగికి పది నిమిషాల స్నానం, మళ్లీ మామూలు నీళ్లు.

మామూలు నీళ్లంటే మళ్లీ ఒక కథ. మా దగ్గర నీళ్లకు చరిత్ర ఉంది. సిద్దిపేటకు మానేరు నీళ్లు తెచ్చిన పాత పథకమే, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథకు మూలం. ఆ మిషన్‌ను 2016 ఆగస్టు 7న మా గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రధానమంత్రి ప్రారంభించారు. ఆ నల్లా నీళ్లలో మనకు రోగాలు రాకుండా క్లోరిన్ కలుపుతారు. మనకు మేలు చేసేదే చేప మొప్పలను కాలుస్తుంది. అందుకని బకెట్‌లో నీళ్లు పట్టి ఒక రోజంతా నిలబెట్టాలి, లేదా విరుగుడు చుక్కలు వేయాలి. అట్లా నిలబెట్టిన నీళ్లతో మా ఆవిడ రెండుసార్లు ఇల్లు తుడిచింది. మా బండలంత క్లోరిన్ లేని బండలు జిల్లాలో ఇంకెక్కడా ఉండవు.

ఎర్రబడి రాలిన బాదం ఆకు వేస్తే అందులోని టానిన్లు చేపకు మంచివంటారు. చిన్నోడు బడి దగ్గరి చెట్టు కింద నుంచి తెచ్చాడు. నీళ్లు ఎర్రగా మారాయి. "చేపకు చాయ్ పోసిండ్రా?" అన్నది పక్కింటి పెద్దమ్మ.

నాలుగో నాడు పథ్యం. బెట్టా మాంసాహారి, దోమ లార్వాలంటే ప్రాణం. కూలర్ వెనక పాత గంజులో నీళ్లు పోసి ముందే సాగు మొదలుపెట్టి ఉంచాను. సరిగ్గా ఆ శుక్రవారం, దోమలు పెరగకుండా నిల్వ నీళ్లు పారబోసే డ్రై డే అని ఇల్లిల్లూ చూస్తూ ఒక ఆరోగ్య కార్యకర్త వచ్చింది. స్వచ్ఛతకు అవార్డులు తెచ్చుకున్న పట్నం మరి.

"అన్నా, గీ గంజుల గిన్ని పురుగులేంది?"

"రోగికి పథ్యం చెల్లె."

ఆమె నా మొహం చూసి, గంజు చూసి, మాట్లాడకుండా వాకిట్లో పారబోసింది. తప్పు నాదే. అప్పటికే నాలుగు లార్వాలు గ్లాసులోకి తీసి పెట్టుకున్న సంగతి మాత్రం చెప్పలేదు.

ఐదో రోజు పొట్ట తగ్గింది. వాడు నిటారుగా నిలబడి, పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి కిందికి పోయాడు. బెట్టాకు మొప్పలే కాదు, గాలి పీల్చే అవయవం కూడా ఉంటుంది. ఆరో రోజు అద్దం పెడితే మొప్పలు విప్పాడు. ఆ కోపం చూసి ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టాం. మరునాటికి నీటి మీద బుడగలతో గూడు కట్టాడు. ఆడచేప లేకున్నా మగవాడు కడతాడట. "జ్వరం మనిషి లేచి ఇల్లు కట్టిండు. మీరు ప్లాటు కొని పదేండ్లాయె" అన్నది మా ఆవిడ. ఈ విషయం మీద నేను ఇంకేమీ రాయను.

అంతలో మిరుగం వచ్చింది. మృగశిర నాడు తెలంగాణలో చేప ఉడకని పొయ్యి తక్కువ. హైదరాబాద్ నాంపల్లిలో అదే సమయానికి ఆస్తమా ఉన్నవాళ్లు బతికున్న కొర్రమీను పిల్లను మందుతో మింగుతారు. అక్కడ చేప మనిషికి వైద్యం చేస్తుంటే, వారం రోజులు నేను ఎదురు వైద్యం చేశాను. నేనూ తెల్లారే మార్కెట్‌కు పోయి, తోపులాటలో కొర్రమీను తెచ్చాను. నోరూరుకోక, "ఇది కూడా పైకొచ్చి గాలి పీల్చే చేపనే అమ్మా, మన పైల్వాన్‌కు దూరపు చుట్టం" అన్నాను.

అమ్మ మసాలా నూరడం ఆపింది. లేచిపోయి, పాత చీర ముక్క తెచ్చి తొట్టి మీద కప్పింది.

"ఆడు సూడొద్దు" అన్నది.

పులుసు బాగా కుదిరింది.